ఇసుకమెట్టను తవ్వకుండా సముద్రతీరంలో ఇల్లు కట్టుకోవడం ఎలా?

విభాగం: ఇల్లు, నిర్మాణం, పరిసరాలు

బరంపురం మాస్టారు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, రెండేళ్ళ క్రితం పదవీ విరమణ చేశాను. గోపాలపురానికి దక్షిణంగా, సోనాపురం వైపు సాగే తీరంలో మా తాతగారు కొన్న 60 సెంట్ల భూమి ఉన్నది; ఇక్కడివారు సెంటును డిసిమిల్ అంటారు. ఆ దస్తావేజు 1936కు ముందుది, అంటే మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్ననాటిది కనుక తెలుగులోనే ఉన్నది. అందులో హద్దులు ఇలా వ్రాసి ఉన్నాయి: తూర్పున ఇసుకమెట్ట, దక్షిణాన మొగలి కంచె, పడమర బండ్ల బాట, ఉత్తరాన తాటితోపు.

ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ నాలుగు హద్దులూ చెక్కుచెదరలేదు. మెట్ట నిలువెత్తు మనిషికి రెండింతలు ఉంటుంది, దాని పడమటి వాలు మా హద్దులోనే ఉన్నది. మొన్న స్థలం చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు, రెండు రోజులు యంత్రం పెట్టిస్తే మెట్ట చదునవుతుందనీ, అప్పుడు హాలులో కూర్చుని సముద్రాన్ని చూడవచ్చుననీ అన్నారు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ముందువైపంతా అద్దాలున్న ఇళ్ళ బొమ్మలు పంపింది. మా ఇంటావిడ నాలుగు మంచాలు పట్టే వసారా ఉంటే చాలునంటున్నది. నాకు మాత్రం, ఒడ్డున నడిచి వెళ్ళేవారికి అక్కడ ఒక ఇల్లు ఉన్నట్టే తోచకూడదని ఉన్నది. ఇది ముసలితనపు చాదస్తమా, లేక సాధ్యమయ్యే పనేనా? అలల అంచు నుంచి మెట్టకు సుమారు 250 మీటర్ల దూరం ఉంటుంది.

నీలితీరం

మాస్టారూ, సముద్రం ఒడ్డున స్థలం పెట్టుకుని సముద్రం కనిపించని ఇల్లు కట్టుకోవడమంటే, పెళ్ళికి వెళ్ళి భోజనం చేయకుండా తిరిగి రావడం వంటిది. నా సలహా సూటిగా చెబుతాను. మెట్టను పూర్తిగా తీసేయనక్కరలేదు, మధ్యలో ఇరవై అడుగుల మేర తగ్గించి, హాలుకు తూర్పున పన్నెండు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గట్టి అద్దం పెట్టించండి. పైన చదును స్లాబు వేసి మెట్లు పెట్టిస్తే సాయంత్రాలు అక్కడే కూర్చోవచ్చు. పరిసరాలలో కలిసిపోవాలని మీ కోరిక కనుక, గోడలకు ఆకుపచ్చ రంగు వేయించి చుట్టూ లాన్ పెంచితే సరిపోతుంది.

కాంక్రీటు గురువు

మాస్టారు గారూ, నేను బరంపురంలో స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. అందచందాల మాట తరువాత, ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి.

తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ 2011లో ఒకసారి, 2019లో మరొకసారి వచ్చింది. రెండింటిలోనూ ఇసుకమెట్టలను సున్నితమైన ప్రదేశాల జాబితాలోనే చేర్చారు, వాటి ఆకృతిని మార్చడాన్ని నిషేధించారు. కనుక ఇరవై అడుగుల మేర తగ్గించడమనేది అభిరుచికి సంబంధించిన విషయం కానే కాదు. ఇక దూరం విషయానికి వస్తే, 2019 నోటిఫికేషన్ గ్రామీణ తీరాన్ని జనసాంద్రతను బట్టి రెండుగా విడదీసింది. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట 50 మీటర్లు, తక్కినచోట 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. ఆ దూరాన్ని మీరు కాళ్ళతో కొలిచినట్టు అలల అంచు నుంచి కొలవరు, అధికారికంగా గుర్తించిన పోటు రేఖ నుంచి కొలుస్తారు. ఆ రేఖ మీరు అనుకునేదానికన్నా నేలవైపుకు, లోపలికి ఉండవచ్చు. 200 నుంచి 500 మీటర్ల మధ్య స్థానికులు తమ సంప్రదాయ హక్కులకు లోబడి ఇల్లు కట్టుకోవచ్చు కానీ, ఎత్తు 9 మీటర్లు దాటకూడదు, నేల అంతస్తు మీద ఒక్క అంతస్తే ఉండాలి.

మరొక మాట. మీ భూమి రికార్డులో ఏ కిసమ్ (భూమి రకం) కింద ఉన్నదో చూశారా? ఘరబారి, అంటే ఇంటి స్థలం, కాకపోతే, ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద తహసీల్దారు కార్యాలయంలో మార్పించుకోవాలి. ఈ రెండూ తేలకుండా ఒక్క ఇటుక కూడా కొనవద్దు.

పర్లాకిమిడి శిల్పి

మాస్టారు గారి కోరిక చాదస్తం కాదు. వాస్తుశిల్పంలో దానికి గట్టి పునాదే ఉన్నది. అయితే నీలితీరం గారి ఆకుపచ్చ రంగు సలహా వంటివి ఎక్కువగా వినిపిస్తాయి కనుక, పరిసరాలలో కలిసిపోవడమంటే ఏమిటో కొంచెం వివరంగా వ్రాస్తాను.

ఇల్లు కంటికి ఆనడానికి రంగుకన్నా ముందు మూడు కారణాలుంటాయి: ఆకాశపు గీతను కోయడం, నేలను చదును చేయడం, ఉన్న చెట్ల వరుసను తెంచడం. ఒడ్డున నిలబడి మీ స్థలం వైపు చూసేవారికి కింద ఇసుక, దానిపైన మెట్ట వంపు, ఆపైన తాటి తలలు కనిపిస్తాయి. మీ ఇంటి కప్పు కొన మెట్ట తలను దాటకుండా ఉంటే చాలు, గోడకు మీరు ఏ రంగు వేసినా ఒడ్డు నుంచి ఎవరికీ కనిపించదు. ఆ తల దాటిందా, ఎంత ఆకుపచ్చ రంగు పూసినా అది చిలక రంగు పెట్టెలాగానే ఉంటుంది.

అమెరికాలో కాలిఫోర్నియా తీరాన సీ రాంచ్ అనే నివాస ప్రాంతం ఉన్నది. 1960లలో లారెన్స్ హాల్‌ప్రిన్ అనే ప్రకృతి రూపశిల్పి దాని ప్రణాళికకు రూపమిచ్చారు. అది పూర్వం గొర్రెలను మేపిన బీడు. గాలిని ఆపడానికి పాతకాలపు రైతులు వేసిన సైప్రస్ చెట్ల వరుసలు అక్కడ ఉండేవి. ఎడతెగని గాలికి ఆ చెట్ల తలలు ఏటవాలుగా కోసినట్టు తయారయ్యాయి. శిల్పులు ఇళ్ళను ఆ వరుసల చాటున పెట్టి, కప్పులను కూడా అదే వాలులో వాల్చారు, గోడలకు రంగు వేయని చెక్కను వాడారు. అది ఎండకూ ఉప్పుగాలికీ బూడిద రంగుకు తిరిగింది. మనం ఆ చెక్కను తెచ్చుకోనక్కరలేదు, మన చెమ్మకూ చెదలకూ అది మూడేళ్ళు ఆగదు. తెచ్చుకోవలసింది వారు ఆలోచించిన క్రమాన్ని: గాలి ఎటు వీస్తున్నదో చూశారు, చెట్టు దానికి ఎలా లొంగిందో చూశారు, ఆ తరువాతే పెన్సిలు పట్టారు.

మీ స్థలానికి నా ఊహ ఇది. మెట్ట పాదం నుంచి కనీసం పది పన్నెండు మీటర్లు వెనక్కి జరగండి. మెట్టను దాటి వచ్చే ఇసుక ఆ చాటునే మేట వేస్తుంది కనుక దానిని ఆనుకుని కట్టకూడదు. ఒకే పెద్ద భవనం బదులు మూడు చిన్న గదుల గుంపులను మండువా చుట్టూ అమర్చి, ఒక్కొక్కదానికి వేరు కప్పు వేస్తే, కప్పుల గీత కూడా మెట్టల గీతలాగే లేస్తూ పడుతూ ఉంటుంది. ఇక వసారాను పడమటి వైపు కాక ఆగ్నేయానికి తిప్పండి, వేసవిలో దక్షిణ గాలి అక్కడికి బాగా వస్తుంది.

కవిటి కొబ్బరి

నేను వాస్తుశిల్పిని కాను, ఉద్దానంలో కొబ్బరి రైతును. కానీ శిల్పిగారు చెప్పిన మాటలు చదువుతుంటే మా నాయనమ్మ ఇల్లు కళ్ళ ముందు కదిలింది.

అది చుట్టిల్లు. ఈ కాలపు పిల్లలకు తెలియదేమో కనుక వ్రాస్తున్నాను. గుండ్రని మట్టిగోడ, మధ్యలో నిట్టాడి, దాని నుంచి చుట్టూ దిగే తాటి వాసాలు, పైన తాటాకు. చూరు ఎంత కిందికి ఉండేదంటే, పదేళ్ళ పిల్లవాడిని కూడా వంగితే తప్ప లోపలికి రానిచ్చేది కాదు. మా చిన్నాన్న పొడగరి, ఆయన నుదుటి మీద ఆ చూరు కమ్మ గీసిన గీత చివరిదాకా ఉండిపోయింది. ఇంత కిందికి ఎందుకే అని అడిగితే, గాలి దూరడానికి సందు ఇవ్వకూడదురా అనేది మా నాయనమ్మ. గుండ్రని గోడకు మూల ఉండదు కనుక గాలి దానిని పట్టుకోలేక పక్కకు జారిపోతుంది. దూరం నుంచి చూస్తే ఆ ఇళ్ళు గడ్డివాముల మధ్య మరో నాలుగు వాముల్లా ఉండేవి. నేలలో కలిసిపోయే ఇల్లు కావాలని వాళ్ళు కట్టలేదు, గాలికి దొరకని ఇల్లు కావాలని కట్టారు. రెండూ ఒకటే అయ్యాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఉదయానికి నా తోటలో నిలబడిన కొబ్బరిచెట్లకన్నా పడినవే ఎక్కువ. గట్టున ఉన్న తాటిచెట్లు మాత్రం ఆకులు పోగొట్టుకున్నాయే తప్ప నేలకు ఒరగలేదు. మాస్టారూ, మీ ఉత్తరపు హద్దున ఉన్న తాటితోపును కొట్టేయమని ఎవరు చెప్పినా వినవద్దు.

నీలితీరం

పెద్దల అనుభవాన్ని నేను కాదనడం లేదు. అయితే చుట్టిళ్ళను ఇప్పుడు మెచ్చుకునేవారిలో వాటిలో కాపురం చేయడానికి ఎవరూ సిద్ధంగా లేరన్నది కూడా నిజమే. తాటాకును ఏటేటా మార్చాలి, నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. అద్దం మాట ఎత్తితే భయపడుతున్నారు కానీ, ఈ రోజుల్లో తుపానుకు ఆగే అద్దాలు దొరుకుతున్నాయి. వెలుతురు లేని ఇల్లు కట్టి దానికి ప్రకృతి అని పేరు పెట్టుకోవడంలో అర్థం లేదు.

కాంక్రీటు గురువు

నీలితీరం గారు అద్దం కొలతలు ఇచ్చారు కనుక, ఆ అద్దానికే లెక్క కట్టి చూపిస్తాను.

మన దేశపు గాలి ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం ప్రకారం ఈ తీరానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ వేగానికి చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, వాడుక మాటలో చెప్పాలంటే సుమారు 150 కిలోల బరువు. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు అద్దమంటే దాదాపు తొమ్మిది చదరపు మీటర్లు. అంటే స్థూలంగా 1,300 కిలోలకు పైగా బరువు దాని మీద అడ్డంగా పడుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ ఇదే గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం 200 కిలోమీటర్లకు మించినది. అప్పుడు ఆ ఒత్తిడి ఇంకా నాలుగో వంతు పెరుగుతుంది.

గట్టి అద్దం దానికి ఆగుతుందనే అనుకుందాం. గాలితో పాటు ఎగిరివచ్చే కొబ్బరిబొండానికీ పక్కింటి రేకుకూ ఆగాలి కదా. గాలివైపు కిటికీ ఒక్కటి పగిలితే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి పైకి నెడుతుంది. అదే సమయంలో పైనుంచి వెళ్ళే గాలి దానిని పైకి లాగుతూ ఉంటుంది. పాత రేకుల ఇళ్ళలో చాలావరకు గోడ నిలబడి కప్పు మాత్రమే పోవడానికి కారణం ఇదే. కవిటి రైతుగారి నాయనమ్మ చెప్పిన సందు అదేనండీ, మేము దానిని అంతర్గత పీడనం అని పుస్తకాలలో చదువుకుంటాము.

మాస్టారు గారికి నా సూచన: నాలుగు వైపులా వాలే కప్పు, వాలు 30 డిగ్రీలకు అటూ ఇటూగా, చూరు గోడ దాటి అడుగున్నరకు మించకుండా. రెండువైపులా వాలి కొసల్లో త్రికోణపు గోడ ఉండే కప్పుకన్నా ఇది గాలికి బాగా నిలుస్తుంది. వసారా కప్పును ఇంటి కప్పుతో కలిపి వేయవద్దు, విడిగా వేయించండి. తుపానుకు వసారా ఎగిరిపోయినా ఇంటి కప్పును తనతో తీసుకుపోకూడదు. వెలుతురు విషయంలో నీలితీరం గారి మాట న్యాయమైనదే. దానికి మండువా ఉన్నది, తూర్పున మూడడుగుల కిటికీలు నాలుగు ఉన్నా సరిపోతుంది, వాటికి బయటనుంచి మూసుకునే చెక్క తలుపులు ఉండాలి.

ఒక అంకె మరచిపోయాను. ఫైలిన్‌కు గంజాం తీరంలో ఉప్పెన 2 నుంచి 2.5 మీటర్ల దాకా లేచిందని వాతావరణ శాఖ అంచనా వేసింది. మీ మెట్ట ఎత్తును ఆ అంకె పక్కన పెట్టి చూడండి. దానిని తవ్వడమంటే గోడకు మీరే కన్నం వేసుకోవడం.

ఆర్యపల్లి అల

నమస్కారం మాస్టారూ. మాది ఛత్రపురం దగ్గర ఆర్యపల్లి, చేపల వేట కుటుంబం. నేను బడిలో పనిచేస్తూ, తాబేళ్ళ కాలంలో ఋషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర తోటివారితో కలిసి కాపలాకు వెళుతుంటాను.

ఇంటిని పగటిపూట దాచడం గురించి అందరూ వ్రాశారు, రాత్రి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఋషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, విడిగా వచ్చేవి ఈ తీరం పొడవునా ఎక్కడైనా ఎక్కవచ్చు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి పైకి వస్తాయి. చీకట్లో ఎటు వెలుతురు ఉంటే అదే సముద్రమని వాటి నమ్మకం. ఒక రాత్రి నేను చూసినది చెబుతాను. అరచేతిలో రెండు పట్టేంత పిల్లలు, వందల సంఖ్యలో, అలల వైపు వీపు తిప్పి, దూరంగా ఒక ప్రహరీ మీద వెలుగుతున్న తెల్లని దీపం వైపు బారులు తీరి పాకుతున్నాయి. ఒడ్డు పొడవునా వలలు అడ్డుకట్టి, వాటిని బకెట్లలోకి ఏరి, నీటి అంచున వదిలేసరికి తెల్లవారింది. ఆ ప్రహరీ లోపలి ఇల్లు చాలా అందమైనదే, చుట్టూ చెట్లు కూడా ఉన్నాయి.

కనుక తూర్పు గోడకు బయటి దీపం వద్దు. తప్పదనుకుంటే మోకాలి ఎత్తులో, నేలకు తిరిగి ఉండేట్టు, పసుపుకు నారింజకు మధ్య రంగు దీపం పెట్టించండి. మీ మెట్టే ఇంటి వెలుతురును సగం ఆపుతుంది, దానిని ఉంచడానికి ఇది మరో కారణం.

ఇంకొక విషయం. ఋషికుల్య మొగకు ఉత్తరాన మా తెలుగు వేటవాళ్ళ ఊరు పోదంపేట ఉండేది. కోత పెరిగి సముద్రం ఇళ్ళను ఒక్కొక్కటిగా తినేస్తే జనాన్ని వేరేచోటికి తరలించారు, మిగిలిన గోడలు ఇసుకలో నిలబడి ఉండేవి. మీ వైపు రామయ్యపట్నంలో కూడా కోత ఉన్నది. మీ ఊరి వేటవాళ్ళలో పెద్దవయసు వారిని, నలభై ఏళ్ళ క్రితం తెప్పలు ఎక్కడ ఎక్కించేవారో అడిగి చూడండి. ఒడ్డు ఎటు నడుస్తున్నదో వారు వేలితో చూపిస్తారు.

బరంపురం మాస్టారు

ఇంత ఓపికగా వ్రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. తాబేలు పిల్లల సంగతి చదివి మా ఇంటావిడ, ఒడ్డువైపు దీపమే వద్దని తేల్చి చెప్పింది. మా అమ్మాయికి 1,300 కిలోల లెక్క పంపాను. "మీ ఇంజినీరు గారు భయపెట్టడంలో మంచి నేర్పరి" అని జవాబు వచ్చింది కానీ, ఆ తరువాత అద్దాల బొమ్మలు రాలేదు.

ఆర్యపల్లి వారు చెప్పినట్టే చేశాను. ఒక ముసలి వేటగాడు నన్ను మెట్ట పైకి తీసుకువెళ్ళి, తన చిన్నతనంలో తెప్పలు పెట్టిన చోటు చూపించాడు. అది ఇప్పటి అలల అంచుకు దగ్గరలోనే ఉన్నది, మరీ ఎక్కువ మార్పు రాలేదని అతని మాట. అయినా అధికారిక పటం కోసం దరఖాస్తు చేస్తున్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. గోడలకు ఏమి వాడాలి? నీరు ఎక్కడి నుంచి తేవాలి? అక్కడ బోరు వేస్తే ఉప్పునీరు పడుతుందని కొందరు, పడదని కొందరు అంటున్నారు.

ఇచ్ఛాపురం మేస్త్రి

మాస్టారు గారికి నమస్కారాలు. ఇచ్ఛాపురం, సోంపేట, బారువ వైపు ఇరవై ఆరేళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. నాకు తెలిసినది చెబుతాను, తప్పులుంటే ఇంజినీరు గారు దిద్దాలి.

ఒడ్డున ఇంటిని ముందుగా తినేది గాలి కాదండీ, తుప్పు. పోయిన ఏడాది పదిహేనేళ్ళు కూడా నిండని ఒక స్లాబును పగలగొట్టాను. పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డు కావలసినది బాగా సన్నబడి, గోటితో గీస్తే ఉల్లిపొరల్లా రేకులు రేకులుగా ఊడివచ్చింది. కారణం ఏమిటని చూస్తే, రాడ్డు కింద కాంక్రీటు మందం అర అంగుళమే ఉన్నది, పైగా ఇసుక ఒడ్డు నుంచే తెచ్చారు. ఒడ్డు ఇసుకను ఎంత కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. కాంక్రీటు తడపడానికి కూడా చప్పని నీరే కావాలి. అక్కడి నీటితోనే తడిపేస్తే ఉప్పును మనమే లోపలికి పంపినట్టు.

గోడల మాట. మీ దగ్గర ఇసుక తెల్లగా ఉండదు, గోధుమ రంగు మీద నల్లని చారలు ఉంటాయి. సున్నపు పూతలో అదే ఛాయ వచ్చేట్టు నది ఇసుకనూ కొంచెం ఎర్రమట్టినీ కలిపి, పైన రంగు వేయకుండా వదిలేస్తే, రెండు వానలు పడేసరికి గోడ అక్కడి నేలలాగే అవుతుంది. సున్నపు పూత చెమ్మను బయటకు వదులుతుంది, పెయింటు దానిని లోపలే పట్టి ఉంచి బుడగలు తేలుతుంది. అయితే సున్నం తెలిసిన పనివారు తగ్గిపోయారు. ముందుగా ఒక ప్రహరీ గోడ మీద పదడుగులు చేయించి చూసి, ఆ తరువాతే ఇంటి పని ఒప్పగించండి.

కాంక్రీటు గురువు

మేస్త్రి గారి మాటల్లో దిద్దవలసినది ఏమీ లేదు, అంకెలు మాత్రం చేరుస్తాను. సముద్రపు తుంపర తగిలే చోట మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం రాడ్డు మీద కాంక్రీటు కవరు 50 మిల్లీమీటర్లు ఉండాలి, కాంక్రీటు ఎం35 రకానికి తగ్గకూడదు. మీ ఇల్లు మెట్ట చాటున ఉన్నదని 45 మిల్లీమీటర్లకు, ఎం30కి దిగవచ్చు కానీ నేనైతే దిగను. సిమెంటు విషయంలో మనకు ఒక అదృష్టం ఉన్నది. ఉక్కు కర్మాగారాల వలన ఒడిశాలో స్లాగ్ సిమెంటు సులభంగా దొరుకుతుంది, ఉప్పును లోపలికి రానివ్వకపోవడంలో మామూలు సిమెంటుకన్నా అది మెరుగు. బోల్టులు, కీళ్ళు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. 304 అని అమ్మేవి మెరుస్తాయి కానీ ఉప్పుగాలికి మచ్చలు పడతాయి.

నీటి సంగతి. మెట్టల కింద వాననీరు ఇంకి, బరువైన ఉప్పునీటి మీద కటకం (లెన్సు) లాగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరు ఉన్నట్టు లెక్క. దానిని తిరగేసి చూడండి. మోటారుతో తోడి పై మట్టాన్ని ఒక అడుగు దించితే, కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. బోరు వేసినవాడికి మొదటి ఏడాది తియ్యని నీరు, మూడో ఏడాది ఉప్పునీరు పడటంలోని రహస్యం ఇదే, మీకు సలహా ఇచ్చిన రెండు పక్షాలవారూ నిజమే చెప్పారు. లోతు తక్కువ ఒరల నుయ్యి తవ్వించి, చేదతో కొద్దికొద్దిగా తోడుకోండి. మురుగునీటి ఇంకుడు గొయ్యికీ నుయ్యికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉంచండి, ఇసుకలో మురుగు చాలా త్వరగా పారుతుంది. కప్పు నీటిని నుయ్యి పక్కనే ఇంకనివ్వండి.

నీలితీరం

మెట్టను తగ్గించమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, చట్టం సంగతి నాకు తెలియదు. అద్దం మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఒకటి అడుగుతాను: నేను చెప్పిన లాన్ సంగతి ఎవరూ ఎత్తలేదు, అది వద్దా?

పర్లాకిమిడి శిల్పి

లాన్‌కు రోజూ నీరు కావాలి, ఆ నీరు పైన చెప్పిన కటకం నుంచే రావాలి. పైగా ఆ తీరంలో ఎక్కడా లేని పచ్చదనం మీ స్థలంలో మాత్రమే ఉంటే, కిలోమీటరు దూరం నుంచి కూడా అదే కంటికి ఆనుతుంది. మెట్ట మీద ఇప్పటికే మేక గిట్ట ఆకారపు ఆకులతో, ఊదారంగు పూలతో పాకే బాలబంది తీగ ఉంటుంది. ముళ్ళ బంతులను గాలికి దొర్లించే రావణాసురుని మీసాలు అనే గడ్డి కూడా ఉండవచ్చు. ఇసుకను పట్టి ఉంచేవి అవే, నీరు అడగవు. మెట్ట మీదుగా ఒడ్డుకు వెళ్ళే దారిని ఒకటే ఉంచి, దానిని వంకరగా తిప్పండి. సూటి దారి అయితే గాలి దానినే కాలువ చేసుకుని మెట్టను కోస్తుంది. దారి మీద తాటిపట్టెలు పరిస్తే కాళ్ళు తీగను తొక్కవు.

సరుగుడు వేయమని ఎవరైనా చెబుతారు, త్వరగా పెరుగుతుంది కూడా. కానీ అది పెనుగాలికి త్వరగా ఒరుగుతుంది, కింద రాలిన ఆకు మరో మొక్కను లేవనివ్వదు. ఇంటి చుట్టూ పొన్న, కానుగ, జీడి కలిపి వేయండి. దక్షిణపు హద్దున మొగలి ఉండనే ఉన్నది, గంజాం మొగలికి దేశమంతటా పేరున్నదని నేను చెప్పాలా!

బరంపురం మాస్టారు

నిన్న ఆదివారం కావడంతో మా అమ్మాయి వచ్చింది. ముగ్గురం స్థలానికి వెళ్ళి, శిల్పిగారు చెప్పిన దూరాన నాలుగు వెదుళ్ళు పాతి, కప్పు కొన ఎంత ఎత్తు రావచ్చో అక్కడ ఎర్రగుడ్డ కట్టాము. తరువాత అమ్మాయిని ఒడ్డుకు పంపి, ఎర్రగుడ్డ కనిపిస్తున్నదా అని ఫోనులో అడిగాను. కనిపిస్తున్నదన్నది. అడుగు దించాము, ఇంకా కొస కనిపిస్తున్నదన్నది. మరో అడుగున్నర దించిన తరువాత, "నాన్నా, మీరు కూడా కనిపించడం లేదు" అన్నది. ఆ ఎత్తుకు వెదురు మీద కత్తితో గాటు పెట్టాను. ఇంటి కప్పు కొన అక్కడితో ఆగాలి. నేలనుంచి అది 4.2 మీటర్లు. గది ఎత్తు కొంచెం తగ్గుతుంది, 30 డిగ్రీల వాలు నిలవాలంటే గదుల వెడల్పు కూడా తగ్గించుకోవాలేమో. ఇంజినీరు గారు చూడాలి.

సముద్రాన్ని చూడాలంటే మెట్ట ఎక్కాలి. ఇంటి నుంచి నలభై అడుగులే కదా అని మా ఇంటావిడ అన్నది. అమ్మాయికి మాత్రం పడుకునే గదిలోకి అలల చప్పుడు వినిపించేట్టు తూర్పున ఒక కిటికీ కావాలట, కనిపించకపోయినా పరవాలేదట.

మేస్త్రి గారూ, కాగితాలన్నీ సరిగ్గా వస్తే పని ఏ నెలలో మొదలుపెట్టాలి?

కాంక్రీటు గురువు

గది వెడల్పు పదకొండు అడుగులకు దింపితే వాలు నిలుస్తుంది. కొలతలు వేదిక సందేశాలలో పంపండి, గీసి చూపిస్తాను.

ఇచ్ఛాపురం మేస్త్రి

నవంబరు నెలాఖరుకు తుపానుల పోటు తగ్గుతుంది, అప్పుడు పునాది తీయండి. మే నెలకు గోడలు, వానలకు ముందే కప్పు పూర్తి కావాలి. సగం వేసిన కప్పుతో అక్టోబరులోకి మాత్రం వెళ్ళవద్దు. సామాను దింపే లారీని పడమటి బండ్ల బాటనుంచే రానివ్వండి, దగ్గర దారి అని మెట్టవైపు తిప్పుతారు, మీరు దగ్గర ఉండి చూసుకోవాలి.

కవిటి కొబ్బరి

మొక్కలకు నవంబరు దాకా ఆగవద్దు మాస్టారూ. మొగలి కొమ్మలను ఈ వానలకే, కంచెలో ఖాళీలున్న చోట నాటించండి. ఇల్లు లేచేసరికి అవి మోకాలి ఎత్తుకు వస్తాయి. కావలసినన్ని పిలకలు మా గట్టున ఉన్నాయి. వచ్చే వారం ఇచ్ఛాపురం సంతకు వస్తున్నాను, బండి ఒకటి పంపితే వేసి పంపిస్తాను.